బయట తినని నేరం

గోనెసంచుల మండలి సంచాలకులు వైకుంఠరావుగారు బెంగుళూరులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, నాలుగో రోజున కాకినాడ ఆఫీసుకి ఒక కొత్త సంచీతోనూ, ఒక కొత్త ఉత్సాహంతోనూ తిరిగొచ్చారు. సంచీ అక్కడివాళ్ళు ఉచితంగా ఇచ్చింది. ఉత్సాహం పేరు ఆర్థిక ఆరోగ్యం.

ఉద్యోగి జేబు ఆరోగ్యంగా ఉంటేనే సంస్థ ఆరోగ్యంగా ఉంటుందని శిక్షణలో ఎవరో చెప్పారట. జేబుకొచ్చే జబ్బుల్లో మొదటిది హోటళ్ళలో అదేపనిగా తినడమట. అలాగని బొత్తిగా తినకపోవడం కూడా జబ్బేనట. కాబట్టి మనిషన్నవాడు బయటి తిండికి ఎంత ఖర్చు పెట్టడం సమంజసమో ముందుగా మన మండలే తేల్చి, దేశానికి దారి చూపించాలని వైకుంఠరావుగారు సంకల్పించారు.

అంత పెద్ద సంగతి ఒక్కరు తేల్చేది కాదు గనక కమిటీ వేశారు. కమిటీ అయిదు వారాలు కూర్చుంది. జీతంలో రెండు శాతం చాలని ఒకాయన, పది శాతం లేనిదే మనిషి బతకలేడని ఇంకొకాయన పట్టుబట్టారు. మొదటాయనకి కడుపులో పుండు. రెండో ఆయన భార్య అలిగి పుట్టింటికి వెళ్ళి ఆర్నెల్లయింది. ఆఖరికి నాలుగు శాతం నుంచి ఏడు శాతం వరకు సహేతుకమని తేల్చారు. ఏడు దగ్గరే ఎందుకు ఆగారంటే, ఎనిమిది అంటే చెవికి ఎక్కువగా వినబడుతుందని సమావేశం నివేదికలో స్పష్టంగా రాసుంది.

ఆ విధంగా 'సహేతుక బహిర్భోజన వ్యయ నియమావళి' పుట్టింది. ఏడు శాతం దాటితే విలాసం. నాలుగు శాతానికి తగ్గితే అసహజం. ప్రతి ఉద్యోగీ నెలాఖరుకి తన బహిర్భోజనం ఎంతో ఒక ఫారంలో రాసి సంతకం పెట్టివ్వాలి.

రికార్డుల సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు తాళాబత్తుల నూకరాజు ఆ ఫారం అందుకుని, ఖర్చు రాయాల్సిన గడిలో 'లేదు' అని రాసి, సంతకం చేసి, అర నిమిషంలో తిరిగిచ్చేశాడు. ఇరవై నాలుగేళ్ళుగా అతను మూడు గిన్నెల క్యారియర్ పట్టుకుని ఆఫీసుకొస్తున్నాడు. భార్య వీరవేణి పొద్దున్నే లేచి వండిపెట్టింది ఒంటిగంటకి తిని, గిన్నెలు కడుక్కుని, మళ్ళీ ఫైళ్ళ కట్టల మధ్యకి వెళ్ళిపోయేవాడు. అతనికి తెలిసిన అతి సులువైన ఫారం అదే.

సాయంత్రం సూపరింటెండెంటు బ్రహ్మాజీ ఆ ఫారం పట్టుకుని అతని బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏటయ్యా నూకరాజూ, లేదు అని రాసేసేవు?"

"బయట తిన్లేదండి మరి."

"తిన్లేదని తెలుత్తానే ఉంది. తినకపోతే మాత్రం తిన్లేదని రాసేత్తావా? మన సెక్షనంతా అయిదున్నర శాతం రాసేరు. ఆ పైడిరాజు వారానికి నాలుగు ఉపవాసాలుంటాడు, ఆడూ అయిదున్నరే రాసేడు."

"సంతకం పెట్టే కాయితం మీద అబద్ధం రాయమంటారేంటండి?"

బ్రహ్మాజీ అతన్ని జాలిగా చూశాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో లేని బుద్ధి నీకిప్పుడెందుకు పుట్టిందయ్యా," అని ఫారం పైకి పంపించేశాడు.

అయిదో రోజున మెమో వచ్చింది.

"మీరు సమర్పించిన ప్రకటనయందు బహిర్భోజన వ్యయము శూన్యముగా చూపబడినది. ఆధునిక ఉద్యోగి నెలకు సగటున ఆరు పర్యాయములు బహిర్భోజనము చేయునని కమిటీవారిచే నిర్ధారింపబడియున్నది. కావున మీరును చేసియుందురు. చేసియుండియు వ్యయము శూన్యమగుటచే, సదరు వ్యయమును మీ తరఫున అన్యులెవరో భరించినట్లు తేటతెల్లమగుచున్నది. ఆ అన్యులు మన మండలికి సంచులు సరఫరా చేయు కాంట్రాక్టర్లు కారని మూడు దినములలోగా మీరు రుజువు చేయవలెను. చేయనిచో సస్పెన్షన్ విధింపబడును."

నూకరాజు దాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారి చదివేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కాంట్రాక్టర్లు ఆఫీసుకొచ్చి టీ తెప్పిస్తే, ఆ టీ చల్లారిపోయేదాకా ముట్టకుండా కూర్చునే మనిషి అతను. అలాంటివాడి పేరు పక్కన ఇప్పుడు లంచం అన్న మాట వచ్చి కూర్చుంది. ఆ రాత్రి వీరవేణికి ఏమీ చెప్పలేదు. పెరుగన్నం దగ్గర ఆగిపోతే, ఎండ దెబ్బ తగిలిందేమోనని ఆవిడ ఉల్లిపాయ కోసిపెట్టింది.

'ఇంట్లోనే తింటున్నానండి' అని మర్నాడు జవాబు రాసి, గ్యాసు రసీదులు, బియ్యం కొట్టు చీటీలు జతపరిచాడు. దానికి సమాధానం అదే రోజు వచ్చింది. బియ్యము కొన్నట్లు మాత్రమే నిరూపితమైనదట. ఆ బియ్యము వండినట్లు గాని, వండినది మీరే తిన్నట్లు గాని ఆధారము లేదట. కావున పూర్తిస్థాయి విచారణ జరుగునట.

విచారణాధికారిణిగా ప్రధాన కార్యాలయం నుంచి సువర్చలాదేవిగారొచ్చారు. ఆవిడ వచ్చిన ముహూర్తం సరిగ్గా ఒంటిగంట. నూకరాజు అప్పుడే క్యారియర్ మూత తీస్తున్నాడు.

"ఆగండి. అది సాక్ష్యము," అన్నారావిడ.

"పనసపొట్టు కూరండి."

"ఏ కూరయైనను సాక్ష్యమే. చేయి తీయండి."

క్యారియర్‌కి తాడు చుట్టి, లక్క కరిగించి, మండలి ముద్ర వేసి బీరువాలో పెట్టారు. అడుగు గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పనసపొట్టు కూర, పై గిన్నెలో మజ్జిగ పులుసు. నూకరాజు కడుపు పట్టుకుని, పోనీ క్యాంటీన్లో రెండిడ్లీలు తినొచ్చా అని అడిగాడు. బ్రహ్మాజీ తల గోక్కున్నాడు. క్యాంటీన్లో తింటే అది బహిర్భోజనమా, అంతర్భోజనమా? ఎవరికీ తెలీదు. ప్రధాన కార్యాలయానికి రాసి కనుక్కోవాలన్నాడు. జవాబొచ్చేదాకా నూకరాజు మధ్యాహ్నాలు మంచినీళ్ళు తాగాడు. జవాబు రాను వచ్చింది గాని, అందులో ఇలా ఉంది: "క్యాంటీను ఆవరణలోపల ఉన్నందున తినుట అంతర్భోజనము. వంటశాల ప్రహరీ అవతల ఉన్నందున వండుట బహిర్భోజనమునకు చెందును. కావున ప్రతి ఇడ్లీని సగముగా లెక్కించవలెను."

మూడో రోజుకి సాక్ష్యం వాసన కొట్టడం మొదలెట్టింది.

"మేడమ్‌గారండి, బీరువాలో పులుసు పొంగినట్టుందండి," అన్నాడు నూకరాజు.

సువర్చలాదేవిగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "సంచాలకులవారి లిఖితపూర్వక అనుమతి లేక సీలు విప్పరాదు," అన్నారు. బ్రహ్మాజీ కుర్చీ వరండాలోకి జరిగింది. కుర్చీ వెనకాలే బల్ల, బల్ల వెనకాలే సెక్షనంతా వరండాలోకి నడిచొచ్చేసింది. మధ్యాహ్నం గాలి మళ్ళి, వాసన మేడమీద వైకుంఠరావుగారి గది దాకా ఎక్కింది. అనుమతి పది నిమిషాల్లో కిందికి దిగింది. మండలి పుట్టాక అంత వేగంగా కదిలిన ఫైలు ఇంకోటి లేదని బ్రహ్మాజీ ఇప్పటికీ చెప్తుంటాడు.

క్యారియర్ నూకరాజు చేతికి తిరిగొచ్చింది. మూడు రోజులుగా వీరవేణికి ఆఫీసులో మర్చిపోయానని చెప్తూ వచ్చిన మనిషి దాన్ని ఇంటికి పట్టుకెళ్ళక తప్పలేదు. వీరవేణి పెరట్లో మూత తీసి, ముఖం తిప్పుకుని, మళ్ళీ మూత పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"మూడ్రోజులై పస్తున్నారా? నిజం చెప్పండి."

చెప్పాడు. మెమో దగ్గర్నుంచి సగం ఇడ్లీ దాకా చెప్పాడు. అన్నీ విని ఆవిడ అంది కదా, "నా వంటని లంచం అన్నారా?"

"నీ వంటని కాదు వేణీ. నీ వంట తింటన్నానంటే నమ్మట్లేదు."

"నమ్మకపోతే వచ్చి తినమనండి!"

కోపంలో అన్న మాట. కానీ మర్నాడే సువర్చలాదేవిగారికి కూడా అదే ఆలోచన వచ్చింది. దానికావిడ 'గృహభోజన పర్యాప్తతా పరిశీలన' అని పేరు పెట్టారు. అంటే, ఇరవై నాలుగేళ్ళపాటు బయట మెతుకు ముట్టకుండా ఒక సహేతుకమైన మనిషిని ఆపగల శక్తి ఆ ఇంటి వంటకు ఉందా లేదా అని చూడటం.

ఆవిడా, మరో ఇద్దరు సభ్యులూ మధ్యాహ్నం పన్నెండున్నరకి నూకరాజు ఇంట్లో చాప మీద వరసగా కూర్చున్నారు. ఆ రోజు గుత్తివంకాయ కూర, మామిడికాయ పప్పు, నేతిబీరకాయ పచ్చడి, చేమదుంపల పులుసు, వేయించిన ఊరమిరపకాయలు. మొదటి సభ్యుడు వంకాయని 'పునఃపరిశీలనార్థం' మళ్ళీ వడ్డించమన్నాడు. రెండో సభ్యుడు పచ్చడి విషయంలో తనకు కొన్ని సందేహాలున్నాయనీ, అవి తీరేదాకా వడ్డిస్తూనే ఉండమనీ కోరాడు. రుచి అన్న గడిలో సువర్చలాదేవిగారు 'విచారణ కొనసాగుచున్నది' అని రాసుకున్నారు. ఒక్క రోజు నమూనా చాలదని రెండో రోజూ వచ్చారు. రెండు రోజుల ఫలితాలూ ఒకేలా ఉండటం అనుమానాస్పదమని మూడో రోజు కూడా వచ్చారు.

మూడో రోజు మజ్జిగ దగ్గర సువర్చలాదేవిగారు కాగితాలు తీశారు. ప్రశ్నలు వీరవేణికి.

"వివాహము నాటినుండి మీరు భర్తతో కలిసి ఎన్ని పర్యాయములు బహిర్భోజనము చేసితిరి?"

"ఒక్కసారీ లేదండి."

"కోరిక లేకనా?"

వీరవేణి గరిట గిన్నెలో పెట్టింది. "ఇది రాసుకుంటారాండి?"

"రాసుకుందుము."

"అయితే రాసుకోండి. కోరిక ఉందండి."

మంచినీళ్ళ చెంబు తెస్తున్న నూకరాజు గడప దగ్గరే నిలబడిపోయాడు.

"పెళ్ళైన కొత్తలో అడిగేనండి, హోటలుకెళ్దావని. నీ వంట ముందు హోటలెందుకే అన్నారండి. ఎంత సంతోషవేసిందో. మరుసటేడు మళ్ళీ అడిగేను. అదే మాటన్నారు. అంత బాగా మెచ్చుకున్నాక ఇంకేవడుగుతావండి? ఇరవై నాలుగేళ్ళై మెచ్చుకుంటానే ఉన్నారండి." ఆవిడ గరిట మళ్ళీ అందుకుంది. "మంచోరేనండి. ఇంకో ముక్క కూడా రాయండి. ఆయన లంచం మాత్రం తిన్లేదు. తినాలన్నా కడుపులో చోటుండేది కాదు."

సువర్చలాదేవిగారి కలం ఒక్కసారి ఆగింది. తర్వాత ఆవిడ చాలాసేపు రాశారు. చెంబులో నీళ్ళు ఎవరికీ పోయకుండానే నూకరాజు వంటింట్లోకి వెనక్కెళ్ళాడు. పొయ్యి పక్కన ఆవిడ కంచం బోర్లించి ఉంది. అందరూ తిన్నాక తీసుకునే కంచం. అది అక్కడే అలా ఉంటుందని అతనికి ఎప్పటినుంచో తెలుసు. ఆ వేళే చూశాడు.

తీర్పు వినిపించడానికి అతన్ని వైకుంఠరావుగారి గదికి పిలిచారు. బ్రహ్మాజీ తోడొచ్చాడు. సువర్చలాదేవిగారు నివేదిక చదివారు. లంచం ఆరోపణ నిరాధారమని మొదటి వాక్యంలోనే తేలిపోయింది. నూకరాజు ఊపిరి పీల్చుకోబోయాడు. రెండో వాక్యం ఆ ఊపిరిని మధ్యలో ఆపింది.

"అయితే సదరు గృహభోజనము పట్టణమందలి ఉత్తమ హోటళ్ళ స్థాయిని మించియున్నట్లు ముగ్గురు సభ్యులు మూడు దినములు స్వయముగా భుజించి నిర్ధారించిరి. హోటళ్ళ ధరల ప్రకారము దీని విలువ ఉద్యోగి జీతమున నలుబది ఒక్క శాతము. ఏడు శాతము మించినది విలాసము. కావున ఉద్యోగి గత ఇరువది నాలుగు సంవత్సరములుగా తీవ్ర విలాసమున జీవించుచున్నాడు."

"నా జేబులోంచి ఏమీ పోలేదు గదండి!" అన్నాడు నూకరాజు.

వైకుంఠరావుగారు మెత్తగా నవ్వారు. "నూకరాజుగారూ, సంస్థ మీకు శత్రువు కాదు. మీ జేబుకు వైద్యుడు. జేబులోంచి ఏమీ పోకుండా నలభై ఒక్క శాతం తినడమే అసలు రోగం. మీ గృహభోజన నాణ్యతను తక్షణమే సహేతుక స్థాయికి తగ్గించుకోవాలి."

"అంటేండి?"

"అంటే బాగా వండొద్దని మీ ఆవిడకి చెప్పమంటున్నారయ్యా," అని బ్రహ్మాజీ చెవిలో అనువదించాడు.

"మా ఆవిడకి చెడగొట్టి వండటం రాదండి. ఎప్పుడూ వండలేదు."

ఆ సమస్యకి నియమావళిలో నిబంధన లేదు. గదిలో అందరూ పైకప్పు చూశారు. అప్పుడు సువర్చలాదేవిగారు గొంతు సవరించుకున్నారు. వారమునకు రెండు దినములు సదరు గృహిణిని వంటశాలకు దూరముగా ఉంచినచో సగటు దానంతటదే దిగునన్నారు. గురువారము సాయంత్రము దంపతులు బహిర్భోజనము చేసి బిల్లు సమర్పించవలెను. ఆదివారము ఉద్యోగియే వండవలెను.

"ఉద్యోగికి వంట వచ్చునా?" అని అడిగారావిడ.

"రాదండి."

"సంతోషము," అని రాసుకున్నారు. తల ఎత్తకుండానే, ఆవిడ పెదవి చివర ఏదో కదిలినట్టనిపించింది నూకరాజుకి. అది నవ్వో కాదో తేల్చుకునే లోపలే కాగితం చేతికిచ్చేశారు.

ఇంటికెళ్ళి ఆ ఉత్తర్వు పైనుంచి కింది దాకా వీరవేణికి చదివి వినిపించాడు.

"ఆదివారం మీరు వండుతారా?"

"ఆర్డరు."

"గురువారం హోటలుకా?"

"ఆర్డరు."

ఆవిడ కాసేపు కాగితం వంక చూసింది. "దీని మీద సంతకం ఉందా?"

"ఉంది. ముద్ర కూడా ఏసేరు."

ఆవిడకి అది చాలు. మొదటి ఆదివారం పొద్దున్న తొమ్మిదింటి దాకా పడుకుంది.

ఆ రోజే అమలు తనిఖీ. ఈసారి నలుగురొచ్చారు. నివేదికలో నేతిబీరకాయ పచ్చడి గురించి చదివిన వైకుంఠరావుగారు స్వయంగా బయల్దేరారు. పొద్దున్న టిఫిను కూడా మానేసి వచ్చారని డ్రైవరు తర్వాత చెప్పాడు. చాప మీద అయిదు కంచాలు పెట్టి ఉన్నాయి. అయిదో కంచం ముందు వీరవేణి కూర్చుంది. నూకరాజు చొక్కా మీద పసుపు మరకలతో, ఒక వేలికి కట్టుతో వడ్డించాడు.

వైకుంఠరావుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉంచుకుని, ధైర్యం చేసి మింగారు.

"ఇది... పప్పేనా?"

"పప్పే అనుకుంటున్నానండి."

"మరి ఈ నల్లగా ఉన్నది?"

"పప్పుకి అడుగునున్నదండి."

ఈసారి ఎవరూ పునఃపరిశీలనార్థం అడగలేదు. మజ్జిగ దాకా ఎవరూ ఆగలేదు కూడా. 'గృహభోజన నాణ్యత సంతృప్తికరముగా పతనమైనది. సహేతుకము' అని గుమ్మంలోనే నిలబడి రాసి, నలుగురూ సంతకాలు పెట్టి, కారెక్కి గబగబా హోటలు వైపు వెళ్ళిపోయారు.

నూకరాజు వెనక్కి తిరిగాడు. వీరవేణి ఇంకా తింటోంది. కంచంలో మెతుకు మిగల్చకుండా తిని, "ఉప్పు తగ్గిందండి," అంది. కంచం ముందుకి జరిపి, "ఇంకొంచెం వెయ్యండి," అంది.

అలా నాలుగు నెలలు గడిచాయి. నూకరాజు వంకాయల దాకా వచ్చాడు. గురువారాలు ఇద్దరూ బజారు వీధి చివర హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. వీరవేణి అట్ల చట్నీలో ఏమేం వేశారో రుచి చూసి చెప్పేది. ఎక్కడ తప్పు చేశారో కూడా చెప్పేది. బాగున్న రోజు మాత్రం ఏమీ చెప్పకుండా తినేది. బిల్లు నూకరాజు ఆఫీసులో సమర్పించేవాడు. జీతంలో అయిదున్నర శాతం. నిజంగానే.

అప్పుడు వైకుంఠరావుగారు పూణే శిక్షణకు వెళ్ళొచ్చారు. ఈసారి ఉత్సాహం పేరు నడక. ఉద్యోగి రోజుకి ఎన్ని అడుగులు వెయ్యడం సమంజసమో తేల్చడానికి కమిటీ పడింది. ఆర్థిక ఆరోగ్యం అటకెక్కింది. ఒక గురువారం పొద్దున్న పదకొండింటికి, బహిర్భోజన నియమావళినీ, దాని కింద వెలువడిన సకల ఉత్తర్వులనూ రద్దు చేస్తూ సర్క్యులర్ వచ్చింది. భద్రపరచడానికి అది ఎలాగూ రికార్డుల సెక్షన్‌కే రావాలి. నూకరాజు దాన్ని చదివి, తొమ్మిదేళ్ళ కిందటి గోనెసంచుల టెండర్ల కట్టలో, మధ్యలో, పెట్టి కట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి, "ఇంకా తయారవలేదా? గురువారం గదా," అన్నాడు.

వీరవేణి తయారయ్యే ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. హోటల్లో పెసరట్టు తిని, ఇంకో ప్లేటు చెప్పమంది. ఎప్పుడూ ఒకటితో ఆపే మనిషని నూకరాజు ఆశ్చర్యపోతే, ఆవిడ కిటికీలోంచి బజారు చూస్తూ, "ఏం చేత్తావండి, ఆర్డరు గదా," అంది.

శుక్రవారం పొద్దున్న బ్రహ్మాజీ నడుముకి అడుగులు లెక్కపెట్టే యంత్రం తగిలించుకుని వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. నూకరాజుని చూసి ఆగకుండానే కేకేశాడు.

"నీ కష్టాలు గట్టెక్కేయయ్యా! రద్దు కాయితం చూసుకున్నావా? బుధవారమే పైనుంచి కబురు తెలిసింది, మా ఆవిడకి ఆ రాత్రే చెప్పేను. నిన్న పొద్దున్న రైతుబజార్లో కనబడితే మీ ఆవిడకి చెప్పేసిందంట."

"నిన్న పొద్దున్నేనాండి?"

"ఎనిమిదింటికి. మీ ఆవిడ ఏమీ అన్లేదంట. అలాగాండి అని, బెండకాయలేరుకుంటా కూర్చుందంట."

బ్రహ్మాజీ ఆ చివరికి నడిచి వెళ్ళిపోయాడు. నూకరాజు లోపలికెళ్ళి, టెండర్ల కట్ట దించి, దాని తాడుకి ఇంకో ముడి వేసి, పై అరలో అన్నిటికంటే వెనక పెట్టాడు.